ఫటోర్డాలో పదకొండు మీటర్లు

తోటకు మందు కొట్టాలి. పిందె నిలబడే సమయం ఇది. ఈ వారం అశ్రద్ధ చేస్తే ఏడాది కష్టం చెట్టు కిందే రాలిపోతుంది. నీ జేబులో మాత్రం గోవాకి రైలు టికెట్ ఉంది.

2022 మార్చి. మైలవరంలో పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. రాలిన పూత తొక్కుకుంటూ తోట గట్టు మీదికి వస్తావు. ఫోన్ మోగుతుంది. అవతల నూజివీడు నుంచి బావ.

"ఒరేయ్, బయల్దేరావా లేదా? మన జట్టు మళ్లీ ఫైనల్‌కి ఎప్పుడొస్తుందో ఏమో. తర్వాత ఏడిస్తే నాకు సంబంధం లేదు."

నాన్న వైపు చూస్తావు. ఆయన డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. తలెత్తకుండానే అంటాడు.

"వెళ్లి రారా. కూలీలకి డబ్బులిచ్చి వెళ్లు, చాలు."

ఉండాలా, వెళ్లాలా? వెళ్తావు.

బస్సు జి.కొండూరు, ఇబ్రహీంపట్నం దాటి విజయవాడ చేరుతుంది. అక్కడి నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్. కిటికీ పక్క సీటు నీది. ఒళ్లో అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం. పై బెర్తులో బావ అప్పుడే పసుపు జెర్సీ తొడిగేసుకున్నాడు. ఎదుటి సీటాయన దాన్ని ఎగాదిగా చూసి అడుగుతాడు.

"ఏం ఆట బాబూ అది?"

"ఫుట్‌బాల్ అండి. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్."

"హైదరాబాద్ జట్టయితే గోవా వెళ్లడమేంటి?"

న్యాయమైన ప్రశ్న. కరోనా వల్ల ఈ సీజన్ మొత్తం గోవాలోనే పెట్టారు. 11 జట్లు, మూడు మైదానాలు: బాంబోలిం, వాస్కోలో తిలక్ మైదాన్, మడ్గావ్‌లో ఫటోర్డా. ఆటగాళ్లు నెలల తరబడి హోటల్ గది, బస్సు, మైదానం తప్ప ఇంకోటి చూడలేదు. ప్రేక్షకుల్ని రానివ్వలేదు. నువ్వు రాత్రిళ్లు తోట కాపలా షెడ్డులో మంచం మీద పడుకుని ఫోన్‌లో చూశావు. ఖాళీ కుర్చీలు. బంతిని తన్నిన చప్పుడు. గట్టు మీద నిలబడి కోచ్ వేసే కేకలు ఒక్కొక్కటీ విడిగా వినపడేవి.

ఎదుటాయన వదిలేలా లేడు. "బాగా ఆడారా మరి?"

పులిహోర పొట్లం విప్పుతూ చెప్పడం మొదలుపెడతావు. నవంబర్‌లో మొదటి మ్యాచ్‌లోనే చెన్నయిన్ చేతిలో 1-0తో ఓడారు. ఆ తర్వాత ముంబయిని 3-1తో కొట్టారు. నార్త్‌ఈస్ట్‌పై 5-1. ఒడిశాపై 6-1. లీగ్‌లో 20 మ్యాచ్‌లు ఆడితే 11 గెలుపులు, 38 పాయింట్లు, రెండో స్థానం. 43 పాయింట్లతో జంషెడ్‌పూర్ లీగ్ షీల్డ్ పట్టుకుపోయింది. పై నాలుగు జట్లకు సెమీఫైనల్స్. అందులో మనవాళ్లు ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటారు. ముందు వరసలో నైజీరియావాడు బార్తలోమ్యూ ఒగ్బెచే. 37 ఏళ్లు. 2002 ప్రపంచకప్ ఆడినప్పుడు ఇంకా పదిహేడేళ్ల కుర్రాడు. ఈ సీజన్‌లో ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

"ముప్ఫయ్యేడేళ్లా!" ఎదుటాయన పులిహోర ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేస్తాడు.

బావ పై నుంచి తల వేలాడదీస్తాడు. "అది కాదు బాబాయ్ గారూ, అసలు కథ వినండి. 2019లో పుట్టిన జట్టు ఇది. మొదటి ఏడాది అట్టడుగున. మొత్తం సీజన్‌కి పది పాయింట్లు. అక్కడి నుంచి రెండేళ్లలో ఫైనల్."

ఈ మార్పు వెనక మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ ఉన్నాడు. పెద్ద పేరున్న వాళ్ల వెంట పడకుండా కుర్రాళ్లకు బంతి ఇచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటివాళ్లు అతని చేతిలోనే ఎదిగారు. ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. డబ్బుతో కొన్న జట్టు కాదిది, ఓపిగ్గా పెంచిన జట్టు.

రైలు నంద్యాల దాటుతుంది, గుంతకల్లు దాటుతుంది. హుబ్బళ్లి వచ్చేసరికి తెల్లారింది. లోండా దాటాక సొరంగాలు. దూద్‌సాగర్ దగ్గర అందరూ తలుపుల దగ్గరికి పరుగెడతారు. ఎండాకాలపు ధార, సన్నగా ఉంది. నువ్వు మాత్రం ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం వెతుకుతున్నావు.

మడ్గావ్‌లో దిగుతావు.

మార్చి 20, ఆదివారం. పొద్దున టీ కొట్టు దగ్గర కేరళ కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. అందరి ఒంటి మీదా పసుపు జెర్సీలే. కానీ ఎవరూ కేకలు వేయడం లేదు. ఒకడు ఫోన్ నీ వైపు తిప్పి చూపిస్తాడు. ఈ మ్యాచ్ కోసమే బయల్దేరిన ఇద్దరు అభిమానులు కాసరగోడ్ దగ్గర రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. నీకు మాట రాదు. అతని భుజం మీద చెయ్యి వేస్తావు. అతను తలూపుతాడు. టీ చల్లారిపోతుంది.

సాయంత్రం ఫటోర్డా మైదానం. ఈ సీజన్‌లో ప్రేక్షకుల్ని రానిచ్చిన మ్యాచ్ ఇదొక్కటే. గేటు దాటి మెట్లెక్కి పైకి వస్తావు. ఒక్కసారి ఆగిపోతావు.

స్టాండ్లన్నీ రాశి పోసిన బంగినపల్లి పండ్లలా పచ్చగా మెరుస్తున్నాయి. డప్పులు. ఈలలు. కాళ్ల కింద సిమెంటు అదురుతోంది. మంజప్పడ అని పిలుచుకునే కేరళ అభిమాన దళం రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద తరలి వచ్చింది. నీ చుట్టూ ఎటు చూసినా వాళ్లే. మనవాళ్లు ఎక్కడ? అక్కడో గుంపు, ఇక్కడో గుంపు.

ఆటగాళ్లు మైదానంలోకి వస్తారు. నీకు అయోమయం. పసుపు చొక్కాల్లో వచ్చింది హైదరాబాద్! కేరళ వాళ్లు నల్ల జెర్సీల్లో ఉన్నారు. రెండు జట్ల అసలు రంగూ పసుపే. లీగ్‌లో పైన నిలిచిన జట్టుకే సొంత రంగు వేసుకునే హక్కు. ఆ హక్కు మనకు దక్కింది. స్టేడియం అంతా పసుపు. అరుపులు మాత్రం నల్ల జెర్సీల కోసం.

పక్క సీట్లో ఒక మలయాళీ, నీ వయసే ఉంటుంది. నీ చొక్కా చూసి నవ్వుతాడు. దాని మీద హైదరాబాద్ బ్యాడ్జీ కనిపించగానే కళ్లు పెద్దవి చేస్తాడు. హిందీలో అడుగుతాడు.

"హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు బ్రదర్?"

నవ్వేసి ఊరుకోవచ్చు. ఊరుకోవు. "సయ్యద్ అబ్దుల్ రహీం పేరు విన్నావా చేట్టా?" అంటావు. విన్నాడు. ఫుట్‌బాల్ తెలిసిన మలయాళీల్లో ఆ పేరు విననివాడు ఉండడు. హైదరాబాద్ మాస్టారు. ఆయన శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిందీ ఆయన జట్టే. మరుసటి ఏడాది క్యాన్సర్‌తో పోయాడు. భారత్‌కు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఇంకో స్వర్ణం రాలేదు.

"అది అప్పుడు," అంటాడు పక్కవాడు మెల్లగా. "ఇప్పుడో?"

విజిల్ మోగుతుంది.

మొదటి సగం కేరళదే. బంతి మన గోల్ వైపే దొర్లుతోంది. 39వ నిమిషం. అల్వారో వాజ్‌క్వెజ్ కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కు తగులుతుంది. ఆ చప్పుడు నీ పళ్లలో వినిపిస్తుంది. బావ నీ మోకాలు పట్టుకుంటాడు. విరామానికి 0-0.

రెండో సగం. 68వ నిమిషం. బాక్స్ అంచున రాహుల్ కేపీ. కొట్టేశాడు. మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి దూకుతాడు. చెయ్యి తగిలింది. ఆగలేదు. గోల్.

స్టేడియం పైకి లేస్తుంది. నువ్వొక్కడివే కూర్చుని ఉన్నావు. మీద నీళ్లు పడతాయి, ఎవరో ఆనందంతో సీసా విసిరారు. పక్కవాడు ఏడుస్తున్నాడు. వాళ్లకిది మూడో ఫైనల్. 2014లో ఓడారు, 2016లో సొంతూరు కొచ్చిలో పెనాల్టీల్లో ఓడారు. ఆ ఏడుపు నీకు అర్థమవుతుంది.

75. 80. బంతి మనవాళ్ల కాళ్ల దగ్గర నిలవడం లేదు. నోరు పిడచకట్టుకుపోతుంది. 85. జనంలో కొందరు అప్పుడే ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు.

"పదరా, రద్దీ కాకముందే పోదాం," అంటాడు బావ. గొంతు వణుకుతోంది.

లేస్తావా?

లేవవు.

88. బాక్స్ బయట బంతి గాల్లోంచి దిగుతోంది. కింద సాహిల్ తవోరా. ఆట మధ్యలో బదులుగా వచ్చిన కుర్రాడు, గోవావాడే. ఆపడు. నేల తాకనివ్వడు. గాల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే తంతాడు. గోల్ మూలకి. ప్రభ్‌సుఖన్ గిల్ దూకాడు. అందలేదు.

1-1.

ఎవరు అరుస్తున్నారు? నువ్వే. బావ నీ మెడ పట్టుకుని ఊపేస్తున్నాడు. అక్కడో గుంపు, ఇక్కడో గుంపుగా ఉన్న మనవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో స్పష్టంగా తెలుస్తోంది, ఎందుకంటే ఎగురుతున్నది వాళ్లే.

అదనపు అరగంట. కాళ్లు పట్టేసి ఆటగాళ్లు పడిపోతున్నారు. ఇంకో గోల్ రాదు. ఇక పెనాల్టీలు.

ఇక్కడ స్టాండ్ దిగు. మైదానంలోకి రా. గ్లవ్స్ తొడుక్కో. ఇప్పుడు నువ్వు కట్టిమణివి.

వెనక వల. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ముందు పదకొండు మీటర్ల దూరంలో తెల్ల చుక్క. అక్కడ తన్నిన బంతి నీ దగ్గరకు రావడానికి అర సెకను కూడా పట్టదు. చూసి దూకుదామంటే కుదరదు. ముందే తేల్చుకోవాలి. కుడికా, ఎడమకా, నిలబడటమా?

ఈ మైదానం నీకు కొత్త కాదు. గోవా నీ ఊరు. 2015 డిసెంబర్ 20న ఇక్కడే, ఇదే ఫటోర్డాలో, ఇదే లీగ్ ఫైనల్‌లో ఎఫ్‌సీ గోవా గోలీగా నిలబడ్డావు. 87వ నిమిషంలో మీ జట్టు 2-1తో ముందుకెళ్లింది. కప్పు చేతికొచ్చేసినట్టే. 90వ నిమిషంలో బంతి మీ గోల్లోకి వెళ్లింది. సొంత గోల్‌గా నీ పేరు మీదే రాశారు. రెండు నిమిషాలకు చెన్నయిన్ ఇంకోటి కొట్టింది. 3-2. కప్పు పోయింది. ఆరేళ్లు దాటింది. ఈ రాత్రి రాహుల్ కొట్టిన బంతి కూడా నీ చేతికి తగిలే లోపలికి వెళ్లింది.

నీకిప్పుడు 32 ఏళ్లు. లైన్ మీద నిలబడు.

మొదట కేరళ. మార్కో లెస్కోవిచ్. క్రొయేషియా డిఫెండర్, పొడగరి. పరుగు. తన్నాడు. దూకావు.

తగిలింది. ఆగింది!

మన కెప్టెన్ జువావ్ విక్టర్ కొడతాడు. గోల్. 1-0.

నిషు కుమార్ వస్తాడు. దూకావు. మళ్లీ ఆపావు! చేతులు పైకెత్తావు. విజిల్. రిఫరీ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. చెల్లదు.

ఏమైంది? బంతి తన్నే క్షణానికి గోలీ కాలు ఒక్కటైనా గీత మీద ఉండాలి. నువ్వు ముందుకు వచ్చేశావు. మళ్లీ కొట్టాలి.

ఇప్పుడెటు? అతను అటే కొడతాడా? నువ్వు అటే దూకుతావని అతననుకుంటే? ఆలోచించకు. కాలు గీత మీద పెట్టు. పెట్టావా? కదలకు. కదలకు. ఇప్పుడు!

ఆపావు.

ఒకే మనిషి, ఒకే పెనాల్టీ, రెండుసార్లు. స్టేడియం నోట మాట లేదు.

మన జేవియర్ సివేరియో వస్తాడు. గురి తప్పింది. అయ్యో. ఆయుష్ అధికారి కేరళకి కొడతాడు. గోల్. 1-1. కాస్సా కమారా మనకి. గోల్. 2-1.

జీక్సన్ సింగ్ నడిచి వస్తున్నాడు. 2017లో అండర్-17 ప్రపంచకప్‌లో కొలంబియాపై హెడర్ కొట్టిన కుర్రాడు. ఫిఫా ప్రపంచకప్పుల్లో ఏ వయసు విభాగంలోనైనా భారత్ కొట్టిన తొలి గోల్ అది. భయపడే మనిషి కాదు. బంతి చుక్క మీద పెట్టాడు. వెనక్కి అడుగులు.

ఊపిరి బిగబట్టు.

పరుగు.

దూకు.

తగిలింది. పోయింది, బయటికి పోయింది!

మూడు ఆపావు. ఇక నీ పని అయిపోయింది. పక్కకు జరుగు. హాలీచరణ్ నర్జరీ వస్తున్నాడు. అస్సాంవాడు. ఇది పడితే చాలు. అతను గిల్‌ను చూస్తాడు. బంతిని చూస్తాడు. తంతాడు.

వల కదిలింది. 3-1.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్.

ఇప్పుడు మళ్లీ నీ సీటుకు రా. బావ కుర్చీ మీద ఎక్కి నిలబడి తెలుగులో ఏదేదో అరుస్తున్నాడు, చుట్టూ ఎవరికీ అర్థం కావడం లేదు. పక్కన మలయాళీ కుర్రాడు రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఉన్నాడు. ఎగరాలని ఉంది నీకు. ముందు అతని పక్కన కూర్చుంటావు. కాసేపటికి అతనే తలెత్తి చెయ్యి చాపుతాడు.

"గెలిచారు బ్రదర్. ఇప్పుడు మీ ఊళ్లో జనం వస్తారులే."

ఫోన్ తీసి నాన్నకి చేస్తావు. గెలిచామని చెబుతావు. "సరే, సంతోషం," అంటాడాయన. "ఎవరి మీద?"

ఆ రాత్రి మైలవరంలో టపాసులు పేలలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఎవరూ ఊరేగలేదు. తెలుగు నేల మీది జట్టు దేశంలో పెద్ద లీగ్ గెలిస్తే మనకది ఒక వార్త మాత్రమే అయింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. క్రికెట్‌లో ఒక్క సిక్స్ పడితే ఊరంతా వినపడేట్టు అరిచే మనుషులం మనం.

రెండేళ్లు ముందుకు రా. 2023-24 సీజన్. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. ఇది మన మైదానం, మన రాత్రి, అయినా ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. అన్నీ ఖాళీ సీట్లే. మానోలో వెళ్లిపోయాడు. ఒగ్బెచే లేడు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే కుర్రాళ్లు ఆడుతున్నారు. వాళ్లు పరుగెడుతూనే ఉన్నారు. సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు, 8 పాయింట్లు. అట్టడుగు. కప్పు గెలిచి రెండేళ్లే అయింది.

యాజమాన్యం చేతులు మారింది. ఇంకో సీజన్ గడిచింది. 2025లో ఆ క్లబ్బు హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు కూడా మారింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

తప్పంతా స్టాండ్లలో కూర్చోని వాళ్లదని నేననను. డబ్బు లెక్కలు డబ్బు లెక్కలే, వాటిని టికెట్లు కొన్నవాళ్లు సరిచేయలేరు. కానీ నిండిన స్టేడియాన్ని వదిలి వెళ్లడం ఏ యజమానికీ అంత తేలిక కాదు. కొచ్చిలో చూడండి. మూడు ఫైనళ్లు ఆడి ఒక్కటీ గెలవని జట్టు కోసం జనం ఇవాళ్టికీ వస్తున్నారు.

మనకింకా ఒక జట్టు ఉంది. ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్. హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర డెక్కన్ అరీనా వాళ్ల మైదానం. మామిడి కోత అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు హైదరాబాద్ ఎలాగూ వెళ్తారు, పెళ్లికో, పిల్లల కాలేజీ పనికో. ఈసారి మ్యాచ్ ఎప్పుడుందో చూసుకుని వెళ్లండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. గోల్ వెనక సీట్లు అడగండి.